తహసీన్ వదులు కుట్టు

తహసీన్ చేతికి సూది కొత్త కాదు. ఆళ్లగడ్డలో వాళ్లది పరుపులు కుట్టే ఇల్లు. ముందు గదిలో దూది ఏకే యంత్రం, వెనక గదిలో వంట, నడిమి గదిలో పడకలు. ఏ గదిలో కూర్చున్నా జుట్టులో దూది. బడికి పోయిన కొత్తలో పిల్లలు "ముసల్ది వచ్చె, ముసల్ది వచ్చె" అని వెక్కిరిస్తే ఆ పిల్ల ఏడవలేదు. "మీరంతా పండుకునేది మా నాయన కుట్టిన పరుపు మిందనే. దిగి నేల మింద పండుకోండి సూద్దాం" అనింది. ఆ పేరు అంతటితో పోయింది.

ఆ నాయన పేరు షబ్బీర్. పరుపుల షబ్బీర్ అంటేనే ఊళ్లో తెలుస్తుంది. ఆయన పనిలో గొప్పంతా ముడిలో ఉండేది. పరుపులోకి దబ్బనం దించి, దారం లాగి, దూది లోపలికి కుంగేదాకా బిగించి ముడి వేసేవాడు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, "లాగు పాపా, ఇంకా లాగు. దారం కుయ్యోమనాల. ముడి ఊడిందంటే నా పేరు ఊడినట్టే" అనేవాడు. తహసీన్ పళ్లు బిగబట్టి లాగేది. పదో తరగతికి వచ్చేసరికి ఆయన ముడి ఏదో ఆమె ముడి ఏదో తల్లి అజీజున్నీసా కూడా పోల్చుకోలేకపోయేది.

అజీజున్నీసా తక్కువ మాటల మనిషి. దూది దుమ్ముకు ఊపిరి చెడి భర్త పోయినాక ఆ ఉన్న మాటలు కూడా తగ్గిపోయాయి. ఆయన దబ్బనానికి కొబ్బరినూనె రాసి, పాత గుడ్డలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టింది. యంత్రం మాత్రం ఆపలేదు. "ఆపితే పిల్ల సదువు ఆగుతాది" అని ఒక్క మాట అని, ముక్కుకు కొంగు కట్టుకుని ఆయన కూర్చునే చోటనే కూర్చుంది.

పిల్ల చదువు పశువుల డాక్టరు చదువు. ఆఖరి సంవత్సరంలో కాలేజీ బయట, తమకు నచ్చిన ఆస్పత్రిలో కొన్ని వారాలు ఉండి పని నేర్చుకోవాలి. దాన్నే ఎక్స్‌టర్న్‌షిప్ అంటారు. తోటివాళ్లు పాడి పశువులనీ, కోళ్ల ఫారాలనీ ఎంచుకున్నారు. తహసీన్ కుక్కలకూ పిల్లులకూ చేసే పంటి వైద్యం ఎంచుకుంది. ఆ పని చేసే డాక్టరు మహీధర్ నంద్యాలలో ఉన్నాడని విని, ఎవరి సిఫారసూ లేకుండా తనే పోయి అడిగింది.

"పండ్లే ఎందుకమ్మా?" అన్నాడు ఆయన.

"కాలు విరిగితే కుంటుతాది, కడుపునొప్పి అయితే మూలుగుతాది సార్. పన్ను నొస్తే మాత్రం సప్పుడు లేకుండా తినేది తగ్గిస్తాది. అది కనిపెట్టేటోళ్లు యాడా ల్యారు."

"ఈ మాట బస్సులో తయారు చేసుకున్నావా?"

"అవును సార్. బస్సులో చేసుకున్నా నిజమే కదా."

మహీధర్ నవ్వి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

వీధిలో మాత్రం ఈ సంగతి తెలిసి అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. ఎదురింటి జయమ్మ బిందె చంకలో పెట్టుకునే నిలదీసింది. "ఏమే తహసీనూ, కుక్కలకు పండ్లు పీకేది నేర్సుకుంటాండావంట? ముందు మా అత్త పండ్లు పీకు. అన్ని కుక్కల కన్నా ఆమె కాటే ఎక్కువ."

"పిల్సకరా జయమ్మత్తా. మత్తు సూది మాత్రం నువ్వే ఎయ్యాల."

ఆస్పత్రిలో ఆ పిల్ల చేతివాటం తొందరగానే తెలిసింది. కుక్క నోరు తెరిచి ఏ పన్ను కదులుతోందో, ఏ చిగురు కిందికి జారిందో చూసి చెప్పడం, గార గీకడం, పన్ను కింద వేరు ఎలా ఉందో ఎక్స్‌రేలో చదవడం, అన్నీ పట్టుకుంది. కోయిలకుంట్ల నుంచి వచ్చిన ఒక ముసలి పిల్లికి మూడు పళ్లు తీస్తే వేరు ముక్క కూడా లోపల మిగల్లేదు. మత్తు యంత్రం దగ్గర కూర్చునే నర్సు సుష్మ అంతా చూసి, "మేడం చేతిలో పడితే దారం కూడా భయపడతాది సార్" అనింది. తహసీన్‌కు ఆ మాట తీపిగా ఉండింది. తనకు పని వచ్చునని ఆమెకు తెలుసు. ఆ తెలియడంలో కొంచెం పొగరు కూడా ఉండింది, లేదనడానికి లేదు.

అప్పుడు వచ్చింది రాజేశ్వరి, చంకలో బుడ్డోణ్ణి పెట్టుకుని.

రాజేశ్వరిది ఆళ్లగడ్డే. బజారులో కిరాణా కొట్టు. భర్త సోమశేఖర్ పోయి ఏడాది తిరగలేదు. బుడ్డోడు ఆయన పెంచిన కుక్క. పొట్టి కాళ్లు, పొడుగు మూతి, వయసు మీద పడి తెల్లబడిన గడ్డం. ఆయన ఉన్నన్నాళ్లూ తక్కెడ పక్కన గోనెసంచి మీద పడుకుని వచ్చిన ప్రతివాణ్ణీ వాసన చూసి లోపలికి పంపించేవాడు. ఇప్పుడూ అక్కడే పడుకుంటాడు, కానీ తల ఎత్తడు.

"నీళ్లు తాగితే ముక్కులో నుంచి కారతాండాయి సార్. అన్నం తింటే తుమ్ముతాడు. ఆయన పోయినాక దిగులనుకున్యా" అనింది రాజేశ్వరి. అంతలో తహసీన్‌ను చూసి, "నువ్వు షబ్బీర్ బిడ్డవు కదా?" అని కొంచెం కుదుటపడింది.

చూస్తే పై కోరపన్ను కుళ్లిపోయి, దాని వేరు చుట్టూ ఉన్న ఎముక కరిగి, నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం పడింది. పన్ను తీసేసి, పక్క నుంచి చిగురు పొరను లేపి, రంధ్రం మీద కప్పి కుట్టాలి. ఆ పొర నిలిస్తే కుక్క నిలుస్తుంది. నిలవకపోతే తిన్నది ముక్కులోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయి, ఏదో ఒక నాడు ప్రాణం మీదికి వస్తుంది.

మహీధర్ పన్ను తీసి, పొర లేపి, రెండు కుట్లు వేశాడు. అంతలో బస్సు కింద పడ్డ కుక్కను ఎవరో ఎత్తుకొచ్చారు. "మిగిలినవి నువ్వు వేసేయ్" అని ఆయన అటు పరుగెత్తాడు. తహసీన్ వేసింది. ఒక్కో ముడినీ ఇంట్లో అలవాటైనట్టే బిగించింది. ఇక ఊడదు అనుకుని కత్తెర పెట్టింది. ఆయన వచ్చి చూసి, "కాస్త బిగువుగా ఉన్నట్టుండాయే" అన్నాడు, కానీ చేతిలో ఇంకో కుక్క నెత్తురు, చెవిలో దాని యజమాని ఏడుపు. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

వారం తిరక్కుండానే రాజేశ్వరి మళ్లీ వచ్చింది. బుడ్డోడి ముక్కు నుంచి పాలు. నోరు తెరిచి చూస్తే తహసీన్ వేసిన కుట్ల దగ్గర పొర అంచు నల్లబడి, చచ్చి, విడిపోయి ఉంది. డాక్టరు వేసిన రెండూ మాత్రం గులాబీ రంగు చిగురులో చక్కగా అతుక్కున్నాయి. తహసీన్‌కు తల కొట్టేసినట్టయింది.

రాజేశ్వరిని బయట కూర్చోబెట్టి, మహీధర్ ఒక తువ్వాలు తెచ్చి బల్ల మీద వేశాడు. "దీని మీద ముడి వెయ్యి, చూస్తాను."

వేసింది. ఆయన ఆమె మణికట్టు చూశాడు. ముడి పడ్డాక కూడా అది ఒక తిప్పు తిరిగింది, తువ్వాలు ముడుచుకుపోయింది.

"ఆ ఆఖరి లాగుడు యాడ నేర్చుకున్నావ్?"

"మా నాయన దగ్గర సార్. పరుపులకు."

ఆయన ముడుచుకుపోయిన తువ్వాలును వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "పరుపుకు ప్రాణం లేదమ్మా. దీనికి ఉంది. బిగిస్తే నెత్తురు ఆడదు, నెత్తురు ఆడని కండ చస్తుంది. కుట్టు చేయాల్సింది బిగించి పట్టడం కాదు, కండ అతుక్కునేదాకా తోడుండడం. ఆ రోజు నేను కూడా సరిగ్గా చూసుకోలేదు. సగం తప్పు నాది."

"మీ సగం మీరు పెట్టుకోండి సార్. నా సగం మాత్రం నేనే సరి చేస్తా."

"ఇప్పుడే కుట్టడానికి లేదు. చచ్చిన అంచు రాలిపోయి, కొత్త కండ గట్టిపడాలి. నెల పైనే పడుతుంది. అప్పటికి నీ ఎక్స్‌టర్న్‌షిప్ అయిపోతుంది."

"సెలవుల్లో వస్తా."

కానీ బయట రాజేశ్వరి తీర్పు చెప్పేసింది. "ఈసారి మీరే కుట్టండి సార్. ఆ పాప సెయ్యి పెట్టగూడదు." కుక్క ఆమెది, మాట ఆమెది. మహీధర్ సరేనన్నాడు.

ఎక్స్‌టర్న్‌షిప్ ముగిసింది. సంతకాలయ్యాయి. తహసీన్ ఊరుకుంటే ఊరుకోవచ్చు, ఎవరూ వేలెత్తి చూపరు. ఆళ్లగడ్డలో బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా రాజేశ్వరి కొట్టుకు పోయింది. రాజేశ్వరి గోనెసంచి దగ్గర కూర్చుని, మెత్తటి సంగటిని చిన్న చిన్న ముద్దలు చేసి బుడ్డోడి నాలుక మీద పెడుతోంది. ఒక ముద్ద మింగి తుమ్మాడు. ఆమె కొంగుతో ముక్కు తుడిచింది. ఆ కొంగంతా మరకలే.

"ఏం మిగిలిందని వస్తివి?" అనింది తల ఎత్తకుండా. "మీ నాయన కుట్టిన పరుపు మా ఇంట్లో ఉండాది. నా పెండ్లి నాటిది. ఒక్క ముడి ఊడల్యా. ఆయన బిడ్డ ఏసిన కుట్టు వారం నిలవల్యా?"

బెల్లం కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు చెవులు రిక్కించారు. తహసీన్ వాళ్లను పట్టించుకోలేదు, కింద కూర్చుంది.

"అందుకే నిలవల్యా పెద్దమ్మా. నాయన మాదిరే లాగినా. పరుపైతే నిలిచేది. చిగురు కదా, నెత్తురు ఆడక చచ్చిపోయింది. తప్పు నాదే. ఆ లాగుడు నా సేతిలో నుంచి పోవాలంటే మళ్లా కుట్టాల్సింది నేనే."

"నువ్వు నేర్సుకునేదానికి నా బుడ్డోడే దొరికినాడా?"

"వాడి మింద నేర్సుకోను. నేర్సుకునే వస్తా. నువ్వే సూడు. నీకు నమ్మకం కుదరకపోతే సారే కుడతాడు."

రాజేశ్వరి ఇంకో ముద్ద పెట్టింది. అది మింగేదాకా చూసింది. "నాకు కుట్టు గురించి ఏం తెలుసు?" అనింది చివరికి.

"మామిడిపండు గురించి తెలుసు కదా."

ఆ ఉపాయం మహీధర్ చెప్పింది. బనగానపల్లె మామిడి బాగా మాగితే తోలు పలుచన. కండకు తగలకుండా తోలును మూడు పక్కలా కోసి, పొరలాగా లేపి, మళ్లీ దాని చోట పరిచి కుట్టాలి. బిగిస్తే తోలు చిరుగుతుంది, లేదా దారం కింద నొక్కుకుపోయి రసం ఊరి, తెల్లారేసరికి నల్లబడుతుంది. వదులు మరీ ఎక్కువైతే అంచు లేచి ఎండిపోతుంది. సరిగ్గా కుట్టిన పండు మాత్రం కుట్టినట్టే ఉండదు.

ఎండాకాలం సెలవులంతా తహసీన్ ఇంట్లో మామిడిపండ్లకు కుట్లే. మొదటి బుట్టలో ఒక్కటీ దక్కలేదు. తహసీన్ ముడి వేసి ఆగుదామనుకుంటుంది, మణికట్టు తనంతట తాను తిరుగుతుంది, పుటుక్కున తోలు తెగుతుంది. అజీజున్నీసా గుమ్మంలో నిలబడి చూసి చూసి, ఒక రోజు ఉండబట్టలేక అనింది.

"ఏందే ఈ పని? తినేదాన్ని కుడతాండావు, కుట్టేదాన్ని పారేస్తాండావు. ఈ వదులు కుట్టు మీ నాయన సూసినాడంటే..."

అక్కడ ఆగిపోయింది. ఆయన మాట ఆ నోట వచ్చి చాలా కాలమైంది. తహసీన్ సూది పక్కన పెట్టింది.

"సూస్తే ఏమంటాడు అమ్మా?"

అజీజున్నీసా గుమ్మం దాటి లోపలికి వచ్చింది. తర్వాత గొంతు మార్చి, ఆయన మాదిరే మెడ పక్కకు వంచి, "'ఏం కుట్టు పాపా ఇది, దూదంతా జారి మంచం కిందికి పోతాది' అంటాడు" అనింది. అని, తనే నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మామిడిపండులో దూది లేదు కదా. నీ పని నువ్వు సేసుకో. సెడిపోయినవి నాకియ్యి, తాండ్ర పోస్తా."

ఆ రోజు నుంచి తహసీన్ ఊపిరి వదిలేటప్పుడు ముడి వేయడం మొదలుపెట్టింది. ఊపిరి బిగబడితే చెయ్యి బిగుస్తుంది, వదిలితే చెయ్యి కూడా వదులుతుంది. అది ఎవరూ చెప్పింది కాదు, మామిడిపండ్ల మీద తనకు తగిలింది.

మంచిదనుకున్న పండును మరునాడు పొద్దున కొట్టుకు తీసుకుపోయేది. రాజేశ్వరి దాన్ని అరచేతిలో తిప్పి, బొటనవేలితో తడిమి, బేరానికి వచ్చిన సరుకును చూసినట్టే చూసేది. "ఈడ నొక్కుకపోయింది. తీస్కపో." ఇంకో రోజు, "రసం ఊరింది. ఈగ వాలింది సూడు. పో." మరో రోజు ఏమీ అనకుండా వెనక్కి ఇచ్చింది, అది తిట్టు కన్నా ఎక్కువైంది. బుడ్డోడు మాత్రం తహసీన్ వస్తే గోనెసంచి మీద తోక ఆడించడం మొదలుపెట్టాడు, తన నోరు పాడు చేసింది ఎవరో తెలియనట్టు.

ఒక పొద్దున రాజేశ్వరి పండును చాలాసేపు తిప్పింది. కళ్లద్దాలు పెట్టుకుంది. వెలుతురులోకి పట్టింది. "కుట్టు యాడుంది?"

"నీ బొటనేలు కిందనే పెద్దమ్మా."

రాజేశ్వరి పండును గల్లాపెట్టె మీద పెట్టింది. వెనక్కి ఇవ్వలేదు. "డాక్టరుకు ఫోన్ సెయ్యి. ఎప్పుడు తీస్కరావాలో అడుగు" అనింది. తర్వాత గట్టిగా, "నేను వాకిలి కాడే కూసుంటా. యాడికీ పోను" అనింది.

అలాగే కూర్చుంది. నంద్యాల ఆస్పత్రిలో ఆపరేషన్ గది తలుపు ఎదురుగా, కాళ్లు ముడుచుకుని, చేతిలో బుడ్డోడి మెడపట్టీతో.

లోపల సుష్మ మత్తు చూస్తోంది. మహీధర్ చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. పాత రంధ్రం అంచులు గీకి తాజా చేసి, తహసీన్ ఈసారి ఇంకా వెడల్పుగా పొర లేపింది. లేపి, రంధ్రం మీదికి తెచ్చింది. అవతలి అంచు అందలేదు. బియ్యపు గింజంత ఎడం.

లాగితే వస్తుంది. ఆ సంగతి ఆమె చేతికి తెలుసు. కొంచెం లాగి ముడి బిగిస్తే ఇప్పటికి చక్కగా మూసుకుంటుంది, ఫోటో తీసి చూపించవచ్చు. మణికట్టు తిరగడానికి సిద్ధంగా ఉంది. మహీధర్ చూస్తున్నాడు.

తహసీన్ సూది కింద పెట్టింది. "బ్లేడ్ ఇవ్వు సుష్మక్కా."

పొర తిరగేసి, దాని అడుగున ఎముకను అంటిపెట్టుకుని ఉండే తెల్లటి గట్టి పొరను మాత్రం, పైది తెగకుండా, ఒక్క గీత గీసింది. పట్టు వదిలింది. నిద్దట్లో పసిబిడ్డ పక్కకు ఒరిగినట్టు ఆ చిగురు తనంతట తాను వచ్చి రంధ్రం మీద పడుకుంది. అవతలి అంచును దాటి ఇంకా కాస్త మిగిలింది కూడా.

"ఊఁ" అన్నాడు మహీధర్. ఆ గదిలో ఆయన అన్నది అంతే.

తహసీన్ ఊపిరి వదిలింది, ముడి వేసింది. మళ్లీ వదిలింది, మళ్లీ వేసింది. ఏ ముడి కిందా చిగురు తెల్లబడలేదు. అయిపోయాక సుష్మ వంగి చూసి, "ఈసారి దారం భయపడల్యా మేడం" అనింది.

కుట్లు వేయగానే అయిపోలేదు. నోటికి కాలు తగలకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు, మెత్తటి తిండి, నమలడానికి ఏదీ దొరక్కుండా కాపలా. తహసీన్ రోజూ కొట్టుకు పోయి నోట్లోకి టార్చి వేసి చూసేది. రాజేశ్వరి అడగదు, తహసీన్ చెప్పదు. చిగురు గులాబీ రంగులో ఉంటే తహసీన్ మొహం చూస్తేనే రాజేశ్వరికి తెలిసిపోయేది.

మహీధర్ పాలు పోసి చూడమన్న రోజు వచ్చింది. రాజేశ్వరి గిన్నెలో పాలు పోసి బుడ్డోడి ముందు పెట్టింది. అజీజున్నీసా కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. జయమ్మ మిరపపొడి కొనే నెపంతో వచ్చింది. బుడ్డోడు వాసన చూశాడు. తాగాడు. గిన్నె అడుగు నాకేదాకా తాగాడు. తల ఎత్తి, మూతి పైకి పెట్టి, పెద్దగా తుమ్మాడు.

 రాజేశ్వరి కిందికి వంగి, ఉతికిన కొంగు కొసతో వాడి ముక్కు తుడిచింది. కొంగును వెలుతురుకు పట్టి చూసింది. రెండో ముక్కుపుటం కూడా తుడిచి చూసింది.

"పొడిగానే ఉండాది" అనింది.

తర్వాత జయమ్మ మీద విరుచుకుపడింది. "ఆ మిరపపొడి పొట్లం మూయి తల్లీ! వాడు తుమ్మక ఏం జేస్తాడు?"

బుడ్డోడు గిన్నెను మూతితో తోసుకుంటూ కొట్టంతా తిరిగాడు, ఇంకా పొయ్యమని. ఆ సందడిలో తహసీన్ పప్పు బస్తా మీద కూలబడి నవ్వుతూ ఉండిపోయింది.

ఆ వారంలోనే రాజేశ్వరి ఆటోలో ఒక పాత పరుపు వేయించుకుని అజీజున్నీసా ఇంటికి వచ్చింది. ఆమె పెండ్లి నాటిది. సోమశేఖర్ పడుకున్న వైపు పల్లంగా ఉంది. ఏడాదిగా ఆ పల్లాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదని ఊరంతా చెప్పుకునేది.

"దీన్ని ఇప్పి ఏకి మళ్లా కుట్టండి. కొంచెం దూది తీసి బుడ్డోడికి సిన్న పరుపు కుట్టండి. గోనెసంచి మింద వానికి ఎముకలు ఒత్తుకుంటాండాయి" అనింది. పల్లం మీద ఒకసారి చెయ్యి పెట్టి, తీసేసి, తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

అజీజున్నీసా లోపలికి పోయి రేకు డబ్బా తెచ్చింది. గుడ్డ విప్పి భర్త దబ్బనం కూతురి చేతికి ఇచ్చింది. దూది కొత్తదానిలాగా ఏకి, కుక్కకు సరిపడా గలేబు నింపి, తల్లీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. తహసీన్ దబ్బనం దించింది, ఊపిరి వదిలింది, మెత్తగా ముడి వేసింది.

అజీజున్నీసా ఆ ముడి మీద వేలు పెట్టి కదిపింది. వేలు దూరింది.

"ఏయ్, ఇది పరుపే" అనింది. "లాగు."

తహసీన్ కాలు అడ్డం పెట్టి లాగింది. దారం కుయ్యోమనింది.